పాత తెరచాప పడవకి కొత్త డీజిల్ ఇంజన్: అడ్వాన్సు కట్టేముందు ఎల్బో విప్పండి

ముందుగా మీరు రాసి అడిగిన ప్రశ్న ఏమిటో రెండు మాటల్లో చెప్పేస్తాను. తిరుపతిలో ఉండే మీరు ముగ్గురు స్నేహితులూ కలిసి చెన్నైలో ఒక పాత ఫైబర్ తెరచాప పడవ కొన్నారు. పొడవు 30 అడుగులు, బరువు నాలుగు టన్నులు. లోపల ఎనభైల నాటి యన్మార్ కంపెనీ 2జీఎం20, రెండు సిలిండర్ల డీజిల్ ఇంజన్. స్టార్టయితే అవుతోంది గానీ నల్లగా పొగ కక్కుతోంది, ఫుల్ రేజ్ ఇచ్చినా 2500 ఆర్పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దాటడం లేదు. చూసిన మెకానిక్ ‘ఇంజన్ బోరుకొచ్చింది’ అన్నాడు, అంటే సిలిండర్ గోడలు అరిగిపోయాయని. మన ఆటోనగర్లో తెలిసినాయన ‘ఏముండాది సార్ దీంట్లో, మంచి ఏస్ బండి ఇంజనొకటి ఏసేస్తే సరిపాయె’ అన్నాడు. పడవల కోసమే చేసిన కొత్త మెరైన్ డీజిల్ ఇంజన్ కొనాలా, టాటా ఏస్ బండి ఇంజన్ వెయ్యాలా, ఉన్నదే బాగు చేయించాలా అన్నది మీ సందేహం.

నేను పుత్తూరు దగ్గర పల్లెలో పుట్టినవాణ్ణి. మా నాయన బావి మీద ఐదు హార్స్‌పవర్ ఆయిలింజన్ ఉండేది. హ్యాండిల్ నాలుగు చుట్లు తిప్పి లివర్ వదిలితే డుబుడుబుమని లేచేది. ఆ చప్పుడు వెంటపడి పోయి ఓడల ఇంజన్ రూముల్లో ముప్పయ్యేళ్లు పనిచేశాను. రిటైరై తిరుపతిలో ఇల్లు కట్టుకున్నాక కూడా చిన్న పడవల పని ఉంటే చెన్నైకి వెళ్లొస్తూనే ఉన్నాను. ఇప్పటిదాకా పదకొండు తెరచాప పడవల్లో ఇంజన్లు మార్చాను. అందులో రెండింటికి అసలు మార్చాల్సిన అవసరమే లేదని పని అయిపోయాక తెలిసింది. అందుకే మీ మొదటి మాట దగ్గరే ఆగాను: నల్లపొగ.

బోరు, రింగులు పోయిన ఇంజన్ ఆయిల్ తాగుతుంది. ఆయిల్ కాలితే పొగ నీలంగా వస్తుంది. నల్లపొగ అంటే డీజిల్ ఎక్కువై గాలి చాలలేదనో, ఇంజన్ మోయలేని బరువు లాగుతోందనో అర్థం. మీ మెకానిక్ లారీల మనిషై ఉంటే అతన్ని తప్పు పట్టను. లారీకి ఉండని జబ్బు ఒకటి పడవకి ఉంటుంది. దాని పేరు ఎగ్జాస్ట్ ఎల్బో. ఇంజన్ నుంచి వచ్చే వేడి గాలిలో సముద్రపు నీళ్లు కలిసే మలుపు అది. నీళ్లు కలిశాక పొగ చల్లబడి రబ్బరు గొట్టంలో నుంచి వెనక్కి పోతుంది. ఆ మలుపులో ఏళ్ల తరబడి మసి, ఉప్పు కలిసి సిమెంటులాగా గట్టిపడిపోతాయి. ఇంజన్ గాలి వదల్లేకపోతే కొత్త గాలి పీల్చలేదు. ముక్కు మూసుకుని అలిపిరి మెట్లెక్కమన్నట్టు ఉంటుంది దాని పరిస్థితి.

ఒక డాక్టరుగారి పడవ సరిగ్గా మీలాగే వచ్చింది. కొత్త ఇంజన్ ఆర్డరు పెట్టేశారు, పాతది ఎత్తేశాం. తీరిగ్గా ఎల్బో విప్పి చూస్తే బొటనవేలు సులువుగా పట్టాల్సిన కంతలో పెన్సిల్ కూడా ఇరుక్కుంటూ దూరింది. స్క్రూడ్రైవరుతో పొడిస్తే నల్లటి పెంకులు రాలాయి, లోపలివైపు తెల్లగా ఉప్పు చార. ఆ పాత ఇంజన్‌ని బెంచీ మీద పెట్టి కంప్రెషన్ (సిలిండర్లో గాలిని నొక్కే బలం) చూస్తే రెండు సిలిండర్లూ బాగానే ఉన్నాయి. ఎల్బో ఒక్కటి మారిస్తే ఇంకో పదేళ్లు వచ్చేది. ఆయన నా ముఖం చూశారు, నేను ఎల్బో చూశాను.

కాబట్టి ముందు చేయాల్సింది అది. కొన్ని బోల్టులు, ఒక గ్యాస్కెట్టు, ఒక పూట పని. దాంతోపాటు ఒక ఈతగాణ్ణి నీళ్లలోకి దింపి ప్రొపెల్లర్ చూపించండి. చెన్నై హార్బరు వెచ్చటి నీళ్లలో రెండు నెలలు కదలకుండా ఉంటే చాలు, రెక్కల మీద గుల్లలు దట్టంగా పట్టేస్తాయి. ఆ బరువుకే ఆర్పీఎం ఐదారొందలు పడిపోయి నల్లపొగ వస్తుంది. సిలిండర్లలోకి డీజిల్ చల్లే నాజిళ్లు రెండూ విప్పి టెస్టింగుకి ఇవ్వండి. ఆ పని తిరుపతిలోనే అవుతుంది, ట్రాక్టరు నాజిల్ చూసే బెంచీ మీదే ఇదీ చూస్తారు. తర్వాత కంప్రెషన్.

ఇవన్నీ చూశాక కూడా రెండు సిలిండర్లలో కంప్రెషన్ లేకపోతే, లేదా ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే, అప్పుడు మార్చే ఆలోచన చేయొచ్చు. మీ 2జీఎం20 నేరుగా సముద్రపు నీళ్లతో చల్లబడే రకం. నలభై ఏళ్లు ఉప్పునీళ్లు బ్లాకు లోపల తిరిగాయి. రింగులు కొత్తవి వెయ్యొచ్చు, బోరు కొట్టొచ్చు, కానీ ఉప్పు తినేసిన నీళ్ల దారి గోడని ఎవరూ తిరిగి పొయ్యలేరు. హెడ్ విప్పినప్పుడు నీళ్ల కంతల చుట్టూ ఇనుము పుచ్చు పట్టిన పన్నులా కనిపిస్తే దాని మీద ఇంక రూపాయి పెట్టకండి.

ఇక ఏస్ ఇంజన్ సంగతి. దీన్ని నవ్వి కొట్టిపారేయను. మెరైన్ ఇంజన్ల బ్లాకులు చాలావరకు ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఇంగ్లండులో బీటా మెరైన్ వాళ్లు జపాన్ కుబోటా బ్లాకు తీసుకునే పడవ ఇంజన్లు చేస్తారు, ఆ కుబోటాలు ట్రాక్టర్లలో, జనరేటర్లలో తిరిగేవే. యన్మార్ కూడా పొలం నుంచి వచ్చిందే. యమఒకా మగోకిచి అనే ఆయన 1933లో చిన్న డీజిల్ ఇంజన్‌ని మొదటిసారి అమ్మకానికి పనికొచ్చేలా తయారు చేశాడు. జపాన్ భాషలో ‘యన్మ’ అంటే పెద్ద తూనీగ, పంట బాగా పండే ఏడు తూనీగలు ఎక్కువ ఎగురుతాయని వాళ్ల నమ్మకం, అందుకే ఆ పేరు. కాబట్టి బండి బ్లాకు పడవకి పనికిరాదని కాదు. పడవకి కావాల్సిందల్లా ఆ బ్లాకు చుట్టూ ఉంటుంది, అది ఏస్‌లో లేదు.

ఏమేం లేవు? బండిలో టైర్లు నేలని తోస్తాయి, ఆ తోపుడు చాసిస్ భరిస్తుంది, గేర్‌బాక్సుకి తిప్పడమే పని. పడవలో ప్రొపెల్లర్ షాఫ్టుని ముందుకి తోస్తుంది, షాఫ్టు గేర్‌బాక్సుని తోస్తుంది, గేర్‌బాక్సు ఇంజన్ కాళ్ల కింది రబ్బరు మౌంట్ల ద్వారా పడవ మొత్తాన్ని తోస్తుంది. నాలుగు టన్నులు తోసే బలమంతా గేర్‌బాక్సు లోపలి థ్రస్ట్ బేరింగ్ మీద పడుతుంది. బండి గేర్‌బాక్సు ఆ పనికి పుట్టలేదు. పైగా పడవకి ముందుకెంత బలమో వెనక్కి కూడా అంతే కావాలి, ఎందుకంటే బ్రేకు అదే. రేడియేటర్ పెట్టడానికి గాలి లేదు, ఇంజన్లో తిరిగే మంచినీళ్లని సముద్రపు నీళ్లతో చల్లబరిచే హీట్ ఎక్స్ఛేంజర్, ఉప్పునీళ్ల పంపు, నీళ్లు తిరిగే ఎగ్జాస్ట్ మానిఫోల్డు విడిగా చేయించాలి. ఇవన్నీ లేత్ మీద చేయించి, ఎక్కడివక్కడ అతికించి, లీకులు ఆపేసరికి మిగిలిందనుకున్న సొమ్ము మిగలదు. రాత్రిపూట హార్బరు ముఖద్వారంలో ఏదైనా విరిగితే దాని స్పేరు పార్టు ఏ షాపులోనూ దొరకదు, మీ ఆటోనగరాయన తలలో తప్ప.

‘మరి చేపల పడవలు ఏ ఇంజన్ పడితే అది పెట్టుకుని తిరగడంలేదా’ అని అడుగుతారు. తిరుగుతున్నాయి. ఆ ఫైబర్ పడవల్లో ఇంజన్ పైన గాలిలో ఉంటుంది, లాంగ్ టెయిల్ (చివర ప్రొపెల్లర్ ఉండే పొడవాటి రాడ్డు) వెనక్కి వేలాడుతుంది, పొద్దున పోయి మధ్యాహ్నానికి ఒడ్డుకొస్తారు, ఏదన్నా అయితే పక్క పడవ లాక్కొస్తుంది. మీది కేబిన్ కింద, మీరు పడుకునే చోటికి రెండడుగుల దూరంలో ఉండే ఇంజన్. పొడి సైలెన్సర్ వేడికి ఫైబర్ కాలుతుంది. రెండూ ఒకటి కాదు. అన్నట్టు, 2022లో జిల్లాలు మార్చాక పులికాట్ సరస్సు అంచు మన తిరుపతి జిల్లాలోకే వచ్చిందని, పడవని తడ దాకా తెచ్చుకుంటామని మీరు సరదాగా రాశారు. ఆ ఆశ వదులుకోండి. ఆ సరస్సు చాలా చోట్ల నడుం లోతు కూడా ఉండదు. భీమునివారిపాళెం నుంచి ఇరకం దీవికి పోయే పడవలు అడుగు బల్లపరుపుగా ఉంటాయి కాబట్టి పోతాయి, మీ పడవకి అడుగున దిగి ఉండే బరువైన కీల్ రెక్కకే ఐదడుగుల నీళ్లు కావాలి.

సరే, కొత్త మెరైన్ డీజిలే కొంటారనుకుందాం. ఎంత హార్స్‌పవర్? ‘ముప్పై పెడితే స్పీడు వస్తుంది’ అన్నారు మీలో ఒకరు. రాదు. తెరచాప పడవ నీళ్లను చీల్చుకుంటూ పోతుంది, నీళ్ల మీదికి ఎక్కి పరుగెత్తదు. దాని వేగానికి హద్దు నీటిగీత (తేలుతున్న పడవని నీటిమట్టం తాకే గీత) పొడవు దగ్గరే తేలిపోతుంది. నీటిగీత 24 అడుగులుంటే దాని వర్గమూలం 4.9, దాన్ని 1.34తో గుణిస్తే ఆరున్నర నాట్లు. అంటే గంటకి 12 కిలోమీటర్లు. ఆ పైన ఎన్ని హార్స్‌పవర్లు పోసినా వెనకభాగం గుంతలో దిగబడి, అల పెద్దదవుతుంది, డీజిల్ కాలుతుంది, అంతే. టన్నుకి నాలుగు హార్స్‌పవర్ చొప్పున వేసుకుంటే మీకు 16 చాలు, ఎదురుగాలి, ఎదురు కెరటం కోసం కాస్త చేర్చుకుంటే 20. పాతది గరిష్ఠంగా 18 ఇచ్చేది. యన్మార్‌లోనే ఇప్పటి 3వైఎం20 అనేది 21 ఇస్తుంది, మూడు సిలిండర్లు కాబట్టి అదురు తక్కువ. మంచినీళ్ల కూలింగుతో వస్తుంది, అది పెద్ద లాభం. ఉప్పునీళ్లతో నేరుగా చల్లబడే ఇంజన్‌ని 60 డిగ్రీలు దాటనివ్వరు, దాటితే ఉప్పు పేరుకుంటుంది. అంత చల్లగా నడిస్తే డీజిల్ సరిగ్గా కాలదు. మంచినీళ్ల కూలింగయితే 75, 80 దగ్గర హాయిగా నడుస్తుంది, బ్లాకులోకి ఉప్పు చేరదు.

ఏ కంపెనీది అన్నదాని మీద నాకు పట్టుదల లేదు. స్పేర్లు చెన్నైలో దొరుకుతాయా, ఇంపెల్లర్ (నీళ్ల పంపులో తిరిగే రబ్బరు చక్రం), ఫిల్టర్లు, బెల్టు ఎన్నాళ్లకి తెప్పిస్తారు అని అడగండి. కొటేషన్‌లో కస్టమ్స్, జీఎస్టీ, ప్యానెల్, వైరింగు, మౌంట్లు కలిశాయో లేదో రాయించుకోండి.

ఇప్పుడు అసలు పని. ఇంజన్ కొనడం పెళ్లిలో తాళిబొట్టు కొన్నట్టు. మండపం, భోజనాలు, బస్సులు, బంధువులు, ఖర్చంతా అక్కడుంటుంది. నా అనుభవంలో ఇంజన్ ధర ఎంతో, దాన్ని పడవలో సరిగ్గా కూర్చోబెట్టడానికి దాదాపు అంతా అవుతుంది. ఆ ఖర్చు తగ్గేది ఒక్క చోటే, కొనకముందు కొలుచుకోవడం దగ్గర.

నేను ప్రతిసారీ ఒక బొమ్మ ఇంజన్ చేయిస్తాను. కంపెనీవాళ్లు కొలతల డ్రాయింగు ఇస్తారు. అందులో మూడు కొలతలు ప్రాణం: గేర్‌బాక్సు కప్లింగు (షాఫ్టుని గేర్‌బాక్సుకి బిగించే చక్రం) నడిమధ్య నుంచి మౌంటు అడుగు దాకా ఎత్తెంత, ఎడమ కుడి మౌంట్ల మధ్య వెడల్పెంత, కప్లింగు ముఖం నుంచి ముందు మౌంటుకి దూరమెంత. ఆ కొలతలకి తిరుపతిలోనే ఏ వడ్రంగి చేతనైనా పన్నెండు మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో ఒక చట్రం చేయించండి. కప్లింగు ఉండే చోట సరిగ్గా షాఫ్టు మందాన ఒక కంత. పైన ఆయిల్ ఫిల్టర్, ఆల్టర్నేటర్, ఎల్బో ఎక్కడెక్కడికి పొడుచుకొస్తాయో అక్కడ అట్టముక్కలు. కారు డిక్కీలో వేసుకుని పుత్తూరు, నగరి మీదుగా చెన్నై తీసుకెళ్లండి. పాత ఇంజన్ తీసేశాక షాఫ్టుని ఆ కంతలోకి దూర్చి చట్రాన్ని ఇంజన్ కూర్చునే దిమ్మెల మీద కూర్చోబెట్టండి. ఎక్కడ తగులుతోందో, ఎక్కడ రెండంగుళాలు ఖాళీ ఉందో అక్కడే తెలిసిపోతుంది. ఒక పడవలో ఆయిల్ పోసే మూత మెట్ల చెక్కకి తగిలి తెరుచుకోదని ఇలాగే కనిపెట్టాం. మూడువేల రూపాయల చట్రం అది. అసలు ఇంజన్ లోపల కూర్చున్నాక కనిపెట్టి ఉంటే మెట్లు కోయాల్సి వచ్చేది. చట్రం కేబిన్ తలుపులో నుంచి లోపలికి పోతుందా అన్నది కూడా చూసుకోండి, నవ్వకండి, పట్టనివి ఉన్నాయి.

పాతది ఎత్తడం పెద్ద విద్య కాదు. నీళ్లు, ఆయిల్ తీసేసి, ఆల్టర్నేటర్, స్టార్టర్ విప్పి తేలిక చేసుకుని, గడప మీద అడ్డంగా దూలం వేసి చైన్ బ్లాకుతో లాగితే వస్తుంది. తెరచాప అడుగున అడ్డంగా ఉండే బూముకి వేలాడదీసే పని చేయకండి, బూము దానికోసం కాదు. విప్పే ముందు ప్రతి వైరుకీ, ప్రతి గొట్టానికీ టేపు అంటించి ఫొటో తీసుకోండి.

ఇంజన్ బయటికొచ్చాక కనిపించేది దిమ్మె. ఫైబర్ పడవల్లో ఇది తరచుగా లోపల చెక్క, పైన ఫైబర్ కప్పు. నలభై ఏళ్ల ఆయిలు, బిల్జి (పడవ అడుగు గుంత) నీళ్లు పాత బోల్టు కంతల్లో నుంచి లోపలికి దిగి చెక్క కుళ్లి ఉంటుంది. చిన్న సుత్తి పిడితో పొడవునా తట్టుకుంటూ పోండి. పలమనేరు కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం కదా, అలా. కంగుమంటే మంచిది, మొద్దుగా పలికితే కుళ్లింది. కుళ్లితే పైపైన రెజిన్ పోసి మూసేయకండి, కోసి తీసి కొత్త చెక్క పెట్టి ఫైబర్ వేయించండి. ఇంజన్ మళ్లీ ఇరవై ఏళ్ల దాకా అక్కణ్ణుంచి లేవదు, ఆ చోటు మళ్లీ మీకు కనిపించదు. అదే సమయంలో బిల్జి కడిగి తెల్ల రంగు వేయండి. తెల్లటి నేల మీద ఒక్క ఆయిలు చుక్క పడినా కనిపిస్తుంది.

ఎగ్జాస్ట్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే కొత్త ఇంజన్లు చచ్చేది ఇక్కడే. మీ ఇంజన్ నీటిమట్టానికి కిందో, కాస్త పైనో ఉంటుంది. నీళ్లు కలిపే చోటు నీటిమట్టానికి కనీసం 15 సెంటీమీటర్ల పైన లేకపోతే, ఇంజన్ ఆపేశాక కూడా సముద్రపు నీళ్లు సైఫన్ పద్ధతిలో లోపలికి పాకుతూనే ఉంటాయి. సైలెన్సర్ నిండి, ఎల్బో నిండి, తెరిచి ఉన్న వాల్వు గుండా సిలిండర్లోకి దిగుతాయి. దాన్ని ఆపేది సైఫన్ బ్రేకరు. నీళ్ల గొట్టాన్ని నీటిమట్టానికి బాగా పైకి తీసుకెళ్లి వంపు తిప్పి, పైన గాలి పీల్చే చిన్న వాల్వు పెడతారు. పాతదానికి ఉందిలే అని వదిలేయకండి, ఆ వాల్వులో ఉప్పు పట్టి మూసుకుపోతే ఉన్నా లేనట్టే. గొట్టం సైజు కొత్త ఇంజన్ మాన్యువల్లో ఎంత రాసి ఉంటే అంతే పెట్టండి, పాత గొట్టం మిగిలింది కదాని ఎక్కించొద్దు.

ఇంకో రకంగా కూడా నీళ్లు ఎక్కుతాయి. ఇది నా చేతులతో నేను చేసిన తప్పు. కొత్త ఇంజన్ కూర్చోబెట్టాం, డీజిల్ లైన్లో గాలి పూర్తిగా తీయలేదు. యజమాని, బంధువులు, కొబ్బరికాయ, అందరూ ఒడ్డు మీద. సెల్ఫ్ కొడుతున్నాను, పట్టడంలేదు. మళ్లీ కొట్టాను. పది పన్నెండుసార్లు కొట్టి ఉంటాను. తర్వాత ‘టక్’ అని ఆగిపోయింది. బ్యాటరీ అనుకున్నారు అందరూ. నాకు కడుపులో చల్లబడింది. ఇంజన్ తిరిగినప్పుడల్లా నీళ్ల పంపు కూడా తిరుగుతుంది, సైలెన్సర్లోకి నీళ్లు తోస్తుంది. ఇంజన్ అంటుకుంటే పొగ ఆ నీళ్లని బయటికి నెట్టేస్తుంది. అంటుకోకపోతే నీళ్లు నిండి వెనక్కి ఎక్కుతాయి. నాజిళ్లు విప్పి సెల్ఫ్ ముట్టిస్తే పిచికారీ కొట్టినట్టు నీళ్లు కేబిన్ కప్పుకి తగిలి నా మీదే పడ్డాయి. నీళ్లు పిస్టన్ కింద నలగవు కాబట్టి ఆ సమయంలో ఇంకాస్త బలంగా తిరిగి ఉంటే రాడ్ వంగేది. అదృష్టం బాగుండి వంగలేదు. సిలిండర్లలో ఆయిల్ పోసి తిప్పి, ఛాంబర్ ఆయిల్ మూడుసార్లు మార్చి, ఆ రాత్రే రెండు గంటలు నడిపాక గానీ ఊపిరి పీల్చుకోలేదు. అప్పటినుంచి నా లెక్క ఒకటే: మూడు ప్రయత్నాల్లో అంటుకోకపోతే సముద్రపు నీళ్ల వాల్వు కట్టేస్తాను, అంటుకున్న క్షణం తెరుస్తాను. మరిచిపోకుండా వాల్వు హ్యాండిల్‌కీ తాళంచెవికీ ఒకే ఎర్ర గుడ్డముక్క మార్చి మార్చి కడతాను.

ఆ వాల్వు గురించే ఇంకో మాట. నీటిమట్టం కింద ఉండే వాల్వులకి, నిపిల్సుకి ప్లంబింగ్ షాపు ఇత్తడి వాడకండి. ఉప్పునీళ్లు ఇత్తడిలోని జింకుని తినేస్తే మిగిలేది గులాబి రంగు మెత్తటి రాగి, చేత్తో విరుస్తే విరుగుతుంది. గన్‌మెటల్ అనే కంచు రకం కావాలి. చెన్నై ప్యారీస్ కార్నర్ వైపు అడిగితే దొరుకుతుంది, అమ్మేవాడు ‘రెండూ ఒకటే సార్’ అంటాడు, కాదు.

డీజిల్ ట్యాంకు: కొత్త ఇంజన్‌కి పాత ట్యాంకు అడుగు బురద తాగించకండి. చెన్నై ఉక్కకి సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో చెమ్మ పట్టి నీళ్లు అడుగున చేరతాయి, ఆ నీళ్లకీ డీజిల్‌కీ మధ్య నల్లటి జిగురు పెరుగుతుంది. ట్యాంకు తెరిచి చేయి పెట్టి కడగండి. నీళ్లు వేరుచేసే ఫిల్టర్ ఒకటి అదనంగా, కింద గాజు గిన్నె కనబడేది పెట్టండి. నాజిళ్ల దగ్గర మిగిలిన డీజిల్ వెనక్కి వచ్చే రిటర్న్ లైన్ ట్యాంకు దాకా వెళ్లిందా చూసుకోండి. కరెంటు సంగతి ఒక్కటే చెబుతాను: ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ స్విచ్ ఆపితే ఆల్టర్నేటర్ డయోడ్లు పోతాయి.

ప్రొపెల్లర్ పాతదే పనికొస్తుందా అని అడిగారు. చూస్తేగానీ చెప్పలేం, కానీ లెక్క ఇది. ఇంజన్ 3600 తిరిగి గేర్ నిష్పత్తి 2.62 అయితే షాఫ్టు 1370 చుట్లు తిరుగుతుంది. పాత గేర్‌బాక్సు నిష్పత్తి వేరైతే అదే ప్రొపెల్లర్ కొత్తదానికి మరీ బరువో, మరీ తేలికో అవుతుంది. తిరిగే దిక్కు కూడా చూడాలి, కుడిచేతి రెక్కని ఎడమకి తిప్పితే పడవ వెనక్కి పోతుంది. పరీక్ష సులువు. అడుగుభాగం శుభ్రంగా ఉన్నప్పుడు ఫుల్ రేజ్ ఇవ్వండి. 3600కి దగ్గరగా రావాలి. 3000 దగ్గర ఆగి నల్లపొగ వస్తే ప్రొపెల్లర్ పిచ్ (రెక్కల వాలు) ఎక్కువైంది. ఒక అంగుళం పిచ్ తగ్గిస్తే సుమారు 200 ఆర్పీఎం పెరుగుతుంది. ‘ఫుల్ రేజ్‌లో ఎవడు నడుపుతాడు’ అని కొందరు వదిలేస్తారు. బరువు ప్రొపెల్లర్‌తో తక్కువ ఆర్పీఎంలో కూడా ఇంజన్ లోలోపల నలిగిపోతుంది, గేరు తప్పుగా వేసి ఘాట్ ఎక్కించినట్టు.

చివరి పెద్ద పని ఆలైన్‌మెంట్. షాఫ్టు కప్లింగు, గేర్‌బాక్సు కప్లింగు రెండు ముఖాలూ ఎదురెదురుగా తెచ్చి, మధ్యలో ఫీలర్ గేజ్ (కొలత రాసిన సన్నటి రేకులు) దూర్చి పైన, కింద, ఎడమ, కుడి సందు చూస్తారు. నాలుగంగుళాల కప్లింగుకి నాలుగు చోట్లా తేడా 0.1 మిల్లీమీటరు మించకూడదు, అంటే వార్తాపత్రిక కాగితం మందం కంటే కాస్త ఎక్కువ, అంతే. షాఫ్టు బరువుకి కిందికి వాలుతుంది కాబట్టి చేత్తోనో చెక్కతోనో దాన్ని సమంగా పట్టాలి. తర్వాత షాఫ్టుని పావు చుట్టు తిప్పి మళ్లీ కొలవాలి. సందు ఉన్నచోటే ఉంటే మౌంట్లు సర్దితే సరిపోతుంది, షాఫ్టుతోపాటు సందు కూడా తిరిగితే షాఫ్టే వంగింది, అప్పుడు మౌంట్లని ఎంత తిప్పినా లాభంలేదు, లేత్‌కి పంపాలి.

ఇదంతా పడవ నీళ్లలో ఉండగా చేయాలి. ఒడ్డు మీద స్టాండ్ల మీద కూర్చున్న ఫైబర్ పడవ ఒక ఆకారంలో ఉంటుంది, నీళ్లలో తేలి, తెరచాప కొయ్యని నిలబెట్టి ఉంచే తీగలు బిగించాక ఇంకో ఆకారంలోకి వస్తుంది. యజమాని తొందర చేస్తే ఒకసారి ఒడ్డు మీదే చేసి ‘అయిపోయింది’ అన్నాను. ఆ సీజన్ తిరక్కుండానే షాఫ్టు బేరింగ్ ఒక పక్కకి అరిగిపోయింది, షాఫ్టు బయటికి పోయే చోట నీళ్లు ఆపే గ్లాండు నుంచి చుక్కలు కాదు, ధార. నా ఖర్చుతో మళ్లీ చేశాను. నీళ్లలోకి దించాక ఒకటి రెండు రోజులు ఆగి చేయండి, రబ్బరు మౌంట్లు బరువుకి అణిగాక, యాభై గంటల దగ్గర ఇంకోసారి చూడండి.

నెల విషయం: జనవరిలో మొదలుపెట్టండి. నెల అనుకున్నది మూడు నెలలవుతుంది, ఎప్పుడూ అలాగే అవుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆ తీరానికి తుఫాన్ల కాలం, ఇంజన్ లేని పడవతో హార్బర్లో ఉండకూడదు.

కొత్త ఇంజన్‌ని మొదటి యాభై గంటలు ముద్దు చేయకండి. ఐడిల్లో గంటలు గంటలు నడిపితే బోరు గోడలు అద్దంలా నున్నబడి, రింగులు కూర్చోవు, జీవితాంతం ఆయిల్ తాగుతుంది. మోస్తరు బరువు ఇచ్చి, వేగం మారుస్తూ నడపండి. యాభై గంటలకి ఆయిల్, ఫిల్టర్ మార్చండి. పాత 2జీఎం20ని కాటాకి అమ్మకండి, దాని హెడ్డు, స్టార్టరు, పంపు కోసం వెతుక్కునేవాళ్లు ఇంకా ఉన్నారు.

ఇదంతా మార్చాల్సి వస్తేనే. ఈ ఆదివారం చెన్నై పోతున్నామని రాశారు కదా, 12, 13 పానాలు, ఒక గట్టి స్క్రూడ్రైవరు, టార్చి పట్టుకెళ్లండి. ఎల్బో విప్పి, రెండు వైపుల నుంచీ వెలుతురు పడేలా ఫొటో తీసి పెట్టండి. కంత పక్కన పెన్సిల్ ఒకటి ఉంచండి, సైజు తెలుస్తుంది.